కాపలా రిజిస్టరు

గుణుపురం సహకార బ్యాంకు మేడమీద
కిటికీ లేని గదిలో
రెండు ఫైర్‌వాల్ పెట్టెలు, ఒకదాని మీద ఒకటి.
పైది పనిచేస్తుంది. కిందిది కనిపెట్టుకుని ఉంటుంది.
పైదాని ఊపిరి ఆగితే కిందిది లేవాలి.
కాయితం మీద అంతే.
కాయితం మీద వంశధార కూడా ఏడాది పొడుగునా నీలంగానే ఉంటుంది.

ఈ నెలలో ఇది ఐదోసారి.
గుడారి శాఖకి లైనుంటుంది, రామనగుడకి ఉండదు.
కాసేపటికి తారుమారు.
"రేపు పింఛన్ల రోజండీ," ఫోన్లో పాఢీ బాబు,
"కొండల మీంచి దిగొచ్చినోళ్లకి ఏటి చెప్పమంటారు?"

రాత్రి పదకొండు. ఒళ్లో ల్యాప్‌టాప్.
పైదాన్ని అడిగాను, నువ్వెవరని.
నేనే యాక్టివ్, అంది.
కిందిదాన్ని అడిగాను.
నేనే యాక్టివ్, అంది.
ఎవరూ అబద్ధమాడటం లేదు.
ఎదుటిది చచ్చిపోయిందని రెండూ నమ్మాయి.
ఒకే చిరునామాకి ఇద్దరు పలుకుతుంటే
పాపం కోర్ స్విచ్చి
కాసేపు దీని మాట వింటుంది, కాసేపు దాని మాట.

మా నాన్న నారోగేజీ రోజుల్లో ఈ లైను మీదే పాయింట్స్‌మ్యాన్.
పట్టాలు ఒకే జత, అటొక బండి, ఇటొక బండి.
పిడికిలంత ఇనుప గోళం
డ్రైవరు చేతికి అందితేనే కదలాలి.
"గోళాలు రెండైతే ఏటవుద్ది నాన్నా?"
అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.
జవాబు మాత్రం రాలేదు.

వెర్షన్లు చూశాను, అంకె అంకె ఒకటే.
ప్రయారిటీ పైదానికి రెండొందలు, కిందిదానికి వంద. బాగానే ఉంది.
రెంటి మధ్యా నడిచే హార్ట్‌బీట్ తీగ,
దాని దీపం పచ్చగా వెలుగుతోంది.
దీపం వెలగడం, మాట దాటడం ఒకటి కాదని
ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు నేర్చుకున్నానో
అన్నిసార్లూ మరిచాను.

ఇసాక్ గొమాంగొ టీ తెచ్చాడు. రాత్రి కాపలా.
చంకలో రిజిస్టరు.
ఏం రాస్తావోయ్ ఇందులో?
"కరెంటు పోయింది, వచ్చింది. జనరేటరు ఎంత తాగింది.
నక్క వచ్చింది. అన్నీ, అపా."
ఒడియా అక్షరాలు, ప్రతిదాని నెత్తినా గొడుగు.
మూడో తారీఖు, కరెంటు పోయింది, రెండూ ఇరవై ఒకటి.
నా లాగులో రెండూ పద్నాలుగు.
తొమ్మిదో తారీఖు ఏడూ యాభై ఎనిమిది.
నా లాగులో ఏడూ యాభై ఒకటి.
ఏడు నిమిషాలు. మళ్లీ ఏడు. మళ్లీ ఏడే.
వెనకబడింది పెట్టెల గడియారం,
ఇసాక్ చేతివాచీ కాదు.

అప్పుడు నేల మీద పాకాను.
బల్ల కింద, పాత చలానాల కట్టల వెనక
ఎనిమిది రంధ్రాల చిన్న స్విచ్చి, ఏ బొమ్మలోనూ లేనిది.
తీగ పొడుగు చాలక ఎవడో మధ్యలో అతికి పోయాడు.
పెట్టెలు రెంటికీ యూపీఎస్ ఉంది.
దీని ప్లగ్గు మాత్రం ఫ్యాను పక్కన, మామూలు గోడలో.

కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు
పదకొండు సెకన్లు.
తర్వాత ఆ చవక స్విచ్చి దీపాలు వెలిగిస్తుంది,
మాట మాత్రం దాటనివ్వదు.
ఆ కాస్త చీకట్లో ఇద్దరూ ఇంటిపెద్దలైపోయారు.

మూరెడు తీగ. దీన్నించి దానికి, నేరుగా.
కిందిది ఒక్క క్షణం తటపటాయించి
పక్కకి తప్పుకుంది.
ఇసాక్ వాచీ చూసి గడియారాలు ముందుకి తోశాను.
మెయిను దించమన్నాను. చీకటి.
తెర మీద లెక్క ఆగలేదు.
మెయిను ఎక్కాక పైదాని ప్లగ్గు లాగేశాను.
ఒక్క పింగ్ తప్పింది.
ఒక్కటే.

టార్చి వెలుగులో ఇసాక్ పెన్ను పట్టుకున్నాడు.
"ఏమని రాయను, అపా?"
నాలుగూ ఐదుకి కరెంటు పోయింది, ఏమీ కాలేదు, అన్నాను.
మొదటిది రాశాడు.
రెండోదాని దగ్గర ఆగిపోయాడు.
ఏమీ కానిదానికి రిజిస్టర్లో గడి లేదు.
వెతికి వెతికి
నక్క గడిలో రాశాడు.